మా అత్తకు వేషం అక్కర్లేదన్నారు

మొన్న పొద్దున మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూరగాయల బండాయన నన్ను చూడగానే గోనెపట్టా పక్కకు లాగి, కింద దాచిపెట్టిన ఎర్రటి గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి చూపించాడు. "అమ్మా, దయ్యాల కాయ వచ్చిండాది. పోయిన తూరి మీవోళ్ళంతా ఎగబడి తీసుకున్నారు. నీకొకటి పక్కన పెట్టేదా?" అన్నాడు. గుమ్మడికాయను దిష్టికాయ అనగా విన్నాను, పులుసుకాయ అనగా విన్నాను. తుంగభద్ర నీళ్ళు తాగి, కర్నూలు ఎండకు మాడి, ఇన్నేళ్ళుగా వంకాయలూ గోరుచిక్కుళ్ళూ అమ్ముకుంటున్న మనిషి నోట దాన్ని దయ్యాల కాయ అనగా వినడం ఇదే మొదలు. "నాకొద్దు నాయినా, వంకాయలు చూడు" అన్నాను. వంకాయలు ఏరుతున్నానే గాని, రెండేళ్ళ కిందట మా ఇంట్లో జరిగిన ఆ పండగంతా మళ్ళీ ముక్కుకు కొట్టింది. ముక్కుకే అని ఎందుకంటున్నానంటే, ఆ శుక్ర శని ఆదివారాలు నాకు మొదట వాసనగానే గుర్తొస్తాయి. తక్కినవన్నీ ఆ వాసన వెనక వస్తాయి.

ముందు మా ఇంట్లో వాళ్ళను చెప్పాలి. మాది కోడుమూరు పక్క పల్లె. భూములు కౌలుకిచ్చి, మా అబ్బాయి బేతంచెర్లలో బండల పాలిషు ఫ్యాక్టరీ పెట్టాక, అందరం కర్నూల్లో ఈ అపార్ట్‌మెంటుకు వచ్చి పడ్డాం. నేనూ మా ఆయనా, కొడుకూ కోడలూ, వాళ్ళకు అప్పటికి ఎనిమిదేళ్ళ కొడుకు, నాలుగేళ్ళ కూతురు. వీళ్ళందరి పైన మా అత్త, అంటే మా ఆయన తల్లి. పిల్లలు నన్ను అవ్వా అంటారు, ఆమెను జేజీ అంటారు. అత్తకు ఎనభై దాటాయి. కళ్ళు కొంచెం, చెవులు ఇంకొంచెం మందగించాయి గాని, నోట్లో ఆకువక్క లేకుండా ఒక్క పూట గడవదు. నేను కోడలిగా వచ్చేనాటికే మా మామ లేడు. నేను గడప తొక్కిన రోజు వాకిట్లో పక్కకు తప్పుకుని, గోడ చాటున నిలబడి నన్ను చూసిన తెల్లచీర మనిషే మా అత్త. ఆ పండగ నాటికి ఆమెను ఇంకో రంగులో నేను చూసి ఎరగను. మా ఆయనను అడిగితే, చిన్నప్పుడు ఏదో ఎర్రచీర ఉన్నట్టు గుర్తే గాని, అది అమ్మదో పిన్నమ్మదో చెప్పలేనన్నాడు.

అంచు లేని తెల్లటి నూలు చీరలు, ఏడో ఎనిమిదో, పెట్టెలో వేపాకు మధ్య మడత పెట్టి ఉండేవి. వాటిని వాషింగ్ మిషన్లో వెయ్యనిచ్చేది కాదు. నీలిమందు కలిపిన బకెట్లో తనే ముంచి, తనే పిండి, బాల్కనీలో ఆరేసేది. మా అబ్బాయి పెళ్ళికి నేను ధైర్యం చేసి, లేత బిస్కెట్ రంగు చీర ఒకటి, కనబడీ కనబడనంత అంచుది, తెచ్చి ముందు పెట్టాను. ఆమె దాన్ని తడిమి చూసి, "బాగుండాది మ్మే. నీ కోడలికి పెట్టు" అంది. కాలం మారింది అత్తా, ఇప్పుడెవరు చూస్తున్నారు అన్నాను. "ఈ కోక మీ మామ పోయినప్పుడు కట్టినారు నాకు. ఆయప్ప వచ్చి ఇప్పమంటే ఇప్పుతా" అంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ తెల్లచీర కొంగును లోకంలో ప్రేమగా పట్టుకున్న మనిషి ఒక్కతే ఉంది. మా మనవరాలు. పుట్టిన కాడి నుంచీ దానికి జేజి ఒడే మంచం. మధ్యాహ్నం అన్నం తిన్నాక జేజి కొంగు చివర పిడికిట్లో పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ నీలిమందు వాసన పీల్చుకుంటూ నిద్రపోయేది. బొరుగుల ఉగ్గాని చేస్తే అది జేజి చేత్తో పెడితేనే దిగేది. అత్తకు కూడా ఇంట్లో పెద్ద పనంటూ మిగల్లేదు కదా. మా ఆయన పేపరు, అబ్బాయి ఫోను, కోడలి ల్యాప్‌టాపు, నా వంటిల్లు, వీటి మధ్య ఆమెతో కూర్చుని మాట్లాడే తీరిక ఆ పిల్లకే ఉండేది. పొద్దున కళ్ళు తెరవగానే అత్త అడిగే మొదటి మాట "పాప లేసిందా?" అనే.

మా కోడలు కడప పిల్ల. చెడ్డది కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. బెంగుళూరు కంపెనీ పనంతా ఇంట్లో కూర్చునే చేస్తుంది, పిల్లల చదువులు చూసుకుంటుంది, నాకు మోకాళ్ళ నొప్పులొస్తే వేడినీళ్ళ సంచి తనే తెచ్చిస్తుంది. ఒక్కటే జబ్బు. పిల్లల చిన్నతనం చేజారిపోతోందని దానికి ఎప్పుడూ ఒకటే దిగులు. చేజారకుండా ఉండాలంటే ప్రతి వారం ఏదో ఒక పండగ చేసి ఫోటో తీసి పెట్టుకోవాలి. ఉన్న పండగలు చాలక, ఆ ఏడాది అమెరికావాళ్ళ దయ్యాల పండగ దాకా వచ్చింది. కార్తీకమాసంలో, తులసికోట దగ్గర దీపాలు పెడుతున్న రోజుల్లో, అదే చేత్తో గుమ్మం మీద ప్లాస్టిక్ సాలీళ్ళు అంటించింది. "వీకెండంతా ఫుల్లు అత్తా. శుక్రవారం స్కూల్లో, శనివారం మన సెల్లార్లో, ఆదివారం మాల్‌లో" అంది, ముహూర్తాలు చెప్పినట్టు.

శుక్రవారం స్కూలు. పిల్లవాడికి నల్ల బనియన్ మీద తెల్లరంగుతో ఎముకలు గీసింది. ఆ రంగు ఆరక, వాడు కూర్చున్న సోఫా మీద పక్కటెముకలు అచ్చుపడ్డాయి. పాపకు మంత్రగత్తె వేషం. నల్లటి కోసు టోపీ, చేతిలో కొత్త చీపురు. చేతిలో అయితే సరే, చీపురు మీద ఎక్కి ఎగురుతున్నట్టు ఫోటో కావాలట. అత్త మంచం మీద నుంచి, "చీపిరికట్టను కాళ్ళ సందున పెట్టుకుంటే ఇంట్లో లచ్చిమి యాడుంటాది మ్మే?" అంది. ఒక్క నిమిషం జేజీ, ఒక్క నిమిషం అంటూనే కోడలు యాభై ఫోటోలు తీసింది. ఇంక తినుబండారాలు. వేళ్ళ ఆకారంలో బిస్కెట్లు, ఒక్కోదాని చివర బాదంపప్పు గోరు, మొదట్లో ఎర్ర జాము. రసగుల్లా మధ్యలో నల్ల ద్రాక్ష గుచ్చి కనుగుడ్లు. చిక్కటి టమాటా రసంలో నూడుల్సు, అవి పేగులట. నేను రక్తమాంసాలు ఎరగనిదాన్ని కాదు. మా ఇంట్లో తలకాయ కూర, పేగులు, నెత్తురు అన్నీ వండిన చేతులివి. కాని ఉన్న పేగులను శుభ్రంగా కడిగి వంట చెయ్యడం వేరు, వంటను తీసుకెళ్ళి పేగులు చెయ్యడం వేరు. మనవడు ఒక వేలు తెచ్చి జేజికిచ్చాడు. "ఇదేంది నాయినా, ఏలు మాదిరి ఉండాది" అంది. వేలే జేజీ, తిను అన్నాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, ఏమనుకుందో ఏమో, మంచం పక్క కిటికీలో పెట్టింది. అక్కడ చీమలు పట్టిందాకా ఉందది.

ఆ సాయంత్రమే గుమ్మడికాయ సంగతి. కోడలు కత్తి పట్టుకుని కాయ ముందు కూర్చుంది. అత్తకు కళ్ళు కనబడవంటాం గాని, ఇలాంటివి బాగానే కనబడతాయి. "ఏమ్మే, ఆడది కాయను పొడవగూడదు. మొగోన్ని పిలువు" అని గట్టిగా అరిచింది. గుమ్మడికాయ ఇంటి పెద్దకొడుకుతో సమానమని మా వైపు నమ్మకం. మగవాళ్ళు మొదటి గాటు పెడితేనే ఆ తర్వాత మేం ముక్కలు కోస్తాం. కోడలు కూడా కడప పిల్లే కదా, ఎంత దయ్యాల పండగైనా ఆ మాట కొట్టెయ్యలేక మొగుణ్ణి పిలిచింది. మావాడు కత్తితో రెండు పోట్లు పొడిచాడు. తొక్క మొండిది, దిగలేదు. అప్పుడు వాడు చేసిన పని బేతంచెర్ల బండలవాడు తప్ప భూప్రపంచంలో ఇంకెవడూ చెయ్యడు. కిందికి పోయి కారు డిక్కీలోంచి బండలు కోసే చేతి మిషను తెచ్చి, వంటింటి ప్లగ్గులో పెట్టి, కాయ ముఖాన ఆనించాడు. ఒక్క అరుపు అరిచింది మిషను. గుజ్జు, గింజలు, నార, గోడల మీద, పొయ్యి మీద, తిరుగుతున్న ఫ్యాను మీద, ఫ్యాను నుంచి మళ్ళీ మా అందరి మీద. పాలగిన్నెలో కూడా పడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది గాని, తుడవాల్సింది నేనని గుర్తొచ్చి ఆగిపోయింది. అంత మంచి కాయ గుజ్జు, నలుగురిళ్ళకు పులుసయ్యేది, చెత్తబుట్టలో పోశారు. కళ్ళూ పళ్ళూ కోసిన ఆ డొల్లలో దీపం పెట్టి బాల్కనీలో, తులసికి ఎదురుగా కూర్చోబెట్టారు. మా ఊళ్ళో కార్తీకమాసంలో కూడా మధ్యాహ్నం ఎండ ఎండే. మర్నాటికి ఆ ముఖం వంకర పోయి, నోటి మూలల నుంచి చొంగ కారడం మొదలైంది. దాని చుట్టూ చిన్న ఈగలు మూగాయి. కుళ్ళిన తియ్యదనం, పొగచూరిన నూనె కలిసిన ఆ వాసనే నేను చెప్పిన వాసన.

శనివారం పొద్దున్నే మూడో అంతస్తులో ఉండే మా కమిటీ ప్రెసిడెంటమ్మ వచ్చింది. ఆడవాళ్ళంతా మన దేశపు దయ్యాలుగా రావాలని నిర్ణయించారట. మన దేశపు దయ్యమంటే ఏముంది, తెల్లచీర, విరబోసిన జుట్టు, మూతికి ఎర్రరంగు. అందరి బీరువాల్లో పట్టుచీరలున్నాయి గాని, తెల్లచీర ఒక్కరింట్లోనూ లేదు. మా జేజి పెట్టెలో ఉన్నాయని ఎవరో చెప్పారు. కోడలు కూడా వెనకాల నిలబడింది. విషయం అర్థమయ్యేసరికి అత్త పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు తల్లీ. ముత్తైదులు మీరు. ఈ కోక మీరు ముట్టనేగూడదు. పచ్చగా ఉండాల మీరు" అని బతిమాలినట్టు చెప్పింది. చీరలు ఇవ్వనని కాదు, వాళ్ళ మొగుళ్ళకు ఏమైనా అవుతుందని ఆమె భయం. ప్రెసిడెంటమ్మ పోనీలే అని బయటికి నడిచింది. లిఫ్టు కోసం నిలబడి మా కోడలితో, "మీ జేజికైతే వేషం కూడా అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు తెచ్చి కూర్చోబెట్టండి, ఫస్టు ప్రైజు ఆమెకే" అని నవ్వింది. నేను వంటింట్లోంచి అట్లకాడతో సహా బయటికొచ్చి, "మా అత్త మనిషమ్మా, బొమ్మ కాదు" అన్నాను. "అయ్యో ఆంటీ, ఊరికే జోకు" అంది. కోడలు నవ్వాలో మానాలో తెలియక లిఫ్టు అంకెల వైపు చూస్తూ నిలబడింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. దయ్యాలకూ వేషాలకూ భయపడే ఇంటి నుంచి రాలేదు నేను. మా పుట్టింటి ఊళ్ళో పీర్ల పండక్కి పులివేషం కట్టేవాళ్ళు. ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు, వెనక తోక, డప్పుల మోత. మాకు గుండెలు నోట్లోకొచ్చేవి. కాని ఆ పులికి ఒక మర్యాద ఉండేది. ప్రతి ఇంటి ముందూ ఎగిరాక, ఆ ఇంట్లో జడుసుకున్న చిన్నపిల్ల ఉంటే, పులి అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్ళడిగి, ముఖం మీది రంగు కొంచెం కడుక్కుని, "నేనేమ్మా, సున్నం కొట్టేటోన్ని" అని చూపించేది. మజ్జిగ తాగేది. పిల్ల చేత తోక పట్టించేది. భయపెట్టినవాడే భయం తీసేసి మరీ ఇంకో ఇంటికి పోయేవాడు. అది వేషమంటే.

శనివారం సాయంత్రానికి సెల్లార్లో కార్లన్నీ బయట పెట్టించి, చెత్త వేసుకునే నల్ల కవర్లు గోడలకు కట్టారు. దూదితో బూజు, ప్లాస్టిక్ పుర్రెలు, నేలంతా ఎర్రరంగు నీళ్ళు. పెట్రోలు వాసన, తడి వాసన, దాని మీద ఎవరో కొట్టిన సెంటు. రోత. ఇంట్లో పొద్దున కడిగి ముగ్గు పెట్టుకునే ఆడవాళ్ళు, తమ కింద నేలను తామే అంత అసహ్యంగా చేసుకుని మురిసిపోయారు. నేను అత్తను తీసుకుపోకూడదనే అనుకున్నాను. కాని పాప వచ్చి, "జేజీ, నా డ్యాన్స్ చూద్దువు రా" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. పాప పిలిస్తే అత్త నూతిలోకైనా దిగుతుంది. స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. ఎవరెవరో వచ్చి ఆమె పక్కన ఒంగి సెల్ఫీలు తీసుకున్నారు. ఆమె కొంగు సర్దుకుని, అందరినీ పలకరించి, "శానా మంచోళ్ళు మ్మే, ముసిల్దాన్ని గూడ పలకరిస్తాండారు" అంది నాతో. నాకు మండిపోయింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను అంటారని తెలిసి పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

పాప డ్యాన్సు సగంలో ఉండగా లైట్లు ఆర్పేశారు. స్తంభాల చాటు నుంచి తెల్లబట్టలు చుట్టుకున్న ఆడవాళ్ళు, జుట్లు విరబోసుకుని, మూతులకు ఎర్రరంగు పూసుకుని, ఊళలు వేస్తూ వచ్చారు. అందులో వాళ్ళమ్మ కూడా ఉంది, అది పాపకు తెలియదు. పిల్ల హడలిపోయి, ఎప్పుడు భయమేసినా ఎక్కడికి పరుగెత్తుతుందో అక్కడికే పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే ఎవరో మహానుభావురాలు సరదాకు అత్త గడ్డం కింద ఫోను లైటు పెట్టింది. తెల్లచీర, తెల్లజుట్టు, ముడతల ముఖం, ఆకువక్క నమిలి ఎర్రబడ్డ బోసినోరు. "రా బంగారూ, రా" అని చాచిన చేతులు. పాప ఆమె ముందు ఆగిపోయింది. నేనా అరుపు మళ్ళీ జన్మలో వినకూడదు. "దెయ్యం! దెయ్యం!" అని వెనక్కి వెనక్కి పోయి, ఎర్రరంగు నీళ్ళలో పడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. అంతకంటే మంచి సీను ఆ రాత్రికి లేదట. లైట్లు వేశాక మైకులో ప్రెసిడెంటమ్మ ఫస్టు ప్రైజు మా అత్తకు ప్రకటించింది. రంగుకాగితం చుట్టిన పెట్టె ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. చెవులు సరిగా వినబడని మనిషి. ఏమి చెప్పారో తెలియదు. పెద్దదాన్నని గౌరవించి ఏదో ఇచ్చారనుకుని, రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. లిఫ్టులో కాగితం తీస్తే ప్లాస్టిక్ పుర్రె. దాన్ని తడిమి, "ఇదేంది మ్మే? దేవునిదా?" అని అడిగింది. నేను దాన్ని లాక్కుని ఇంటి ముందు చెత్తడబ్బాలో కొట్టాను. ఆ తర్వాత మా ఆయన ముందు అరిచి గోల చేస్తే, "ఆమెకే బాధ లేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. మగవాళ్ళకు ఇలాంటప్పుడే సామెతలు గుర్తొస్తాయి.

అత్తకు బాధ లేదన్నది ఆ ఒక్క రాత్రి మాట. ఆదివారం పొద్దున ఆమె మామూలుగా, "పాప లేసిందా?" అంటూ వాళ్ళ గది గుమ్మంలో నిలబడింది. పాప దుప్పటి నెత్తి మీదికి లాక్కుని కేకలు పెట్టింది. నిద్ర కలవరమేమో అనుకున్నాం. ముందే డబ్బు కట్టిన కార్యక్రమం కాబట్టి, మొండిగా దాన్నీ తీసుకుని మాల్‌కు పోయారు. అక్కడ ఎర్ర క్రీము కేకు తినిపించారట. తిరిగొస్తూ కార్లోనే అంతా వాంతి చేసుకుంది. సీట్లన్నీ ఎర్రగా, పుల్లటి వాసనగా ఇంటికొచ్చారు. పండగ అలా ముగిసింది. కుళ్ళిన గుమ్మడికాయను ఎత్తబోతే అడుగు ఊడి, పురుగులతో సహా బాల్కనీలో జారింది. అది కడిగిన చేతులతో ఆ పూట నేను అన్నం తినలేకపోయాను.

సోమవారం కూడా అంతే, మంగళవారం కూడా అంతే. జేజి హాల్లోకొస్తే పాప వంటింట్లోకి, జేజి వంటింట్లోకొస్తే పాప బాత్రూములోకి. అత్త ఎన్ని తిప్పలు పడిందో. పట్టపగలు కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని చూసింది. నోరు పుక్కిలించి, ఆకువక్క మానేసింది. జుట్టు నూనె పెట్టి బిగించి ముడేసుకుంది. ఉగ్గాని ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టి, పళ్ళెం నాకిచ్చి పంపింది. జేజి చేసిందని తెలిసి పాప తినలేదు. ఒక్క చిత్రం మాత్రం ఉంది. తలుపు మూసి ఉండి, అవతల నుంచి అత్త మాట్లాడితే పాప మాట్లాడేది. "ఏం చేస్తాండావు బంగారూ?" "బొమ్మ వేస్తున్నా." "అన్నం తిన్యావా?" "ఊఁ." తలుపు తీస్తే మళ్ళీ కేక. మా అత్త మూసిన తలుపుకు చెవి ఆనించి, నేల మీద కూర్చుని ఉండేది. మొగుడు పోయినదాన్నని ఎవరి పేరంటానికీ ఎదురు రాకుండా ఇన్నేళ్ళు తలుపుల చాటున నిలబడ్డ మనిషికి, చివరికి ఆ పసిపిల్ల దగ్గర కూడా తలుపు చాటే మిగిలింది. కోడలు అది చూసి ఏడ్చింది. పాప జడుసుకున్నప్పుడు ఎవరో తీసి అపార్ట్‌మెంట్ ఫోను గ్రూపులో పెట్టిన వీడియోను తీసేయించడానికి మూడో అంతస్తుకు పోయి పోట్లాడి వచ్చింది. అయితే ఏం లాభం.

అసలు సంగతి చెప్పింది మనవడు. బుధవారం స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ, "జేజీ, అది నీకు కాదు భయపడేది. నీ చీరకు. వైట్ చీర దయ్యాలది కదా" అన్నాడు, లెక్క చెప్పినంత తేలిగ్గా. అత్త తన ఒంటి మీది కొంగును చేతిలోకి తీసుకుని, "నా కోకకా?" అంది.

నాకప్పుడు కలిగిన అసహ్యం ఆ మూడు రోజుల్లో ఏ కుళ్ళు చూసినా కలగలేదు. సెల్లార్లో ఊళలు వేసిన ఆడవాళ్ళ మీద కాదు. వాళ్ళు పాపం, దయ్యమంటే తెల్లచీర అని కొత్తగా కనిపెట్టలేదు. అది మనం ఎప్పుడో నేర్పి పెట్టిందే. ముప్పై కూడా నిండని మనిషికి బొట్టు తీసి, గాజులు తీసి, అంచు లేని తెల్లగుడ్డ చుట్టి మూల కూర్చోబెట్టిందీ మనమే. అదే తెల్లగుడ్డను దయ్యానికి చుట్టి, కథలు చెప్పి పిల్లల్ని జడిపించిందీ మనమే. పులివేషగాడు చెంబెడు నీళ్ళతో తన వేషం కడుక్కున్నాడు. మా అత్తకు కట్టిన వేషం ఏ నీళ్ళతో పోతుంది? ఆ అసహ్యం నా మీద నాకే.

గురువారం మధ్యాహ్నం అత్త మళ్ళీ ఆ తలుపు దగ్గరికి పోయింది. నేను వెనకాలే ఉన్నాను. లోపలికి వినబడేట్టు, "బంగారూ, జేజి ఏ రంగు కోక కట్టుకుంటే నీకు భయం కాదు?" అని అడిగింది. లోపలి నుంచి పాప, "ఎల్లో" అంది. అత్త నా వైపు తిరిగింది. "అంటే యాది మ్మే?" లోకంలో ఇన్ని రంగులుండగా ఆ పిల్లకు అదే దొరకాలా? ఆకుపచ్చ అని అబద్ధం చెబుదామా అనుకున్నాను. చివరికి, "పసుపు, అత్తా" అన్నాను.

ఆమె లేచి నా భుజం పట్టుకుని, "నీ పాతదేమన్నా ఉంటే ఇయ్యి మ్మే. మీ మామ యాడొచ్చి అడుగుతాడు? పాప అడిగింది. ఇంట్లో ఎవురడిగితే ఏమి" అంది.

పాతది ఎందుకిస్తాను? కోడుమూరు మగ్గం మీద నేసిన పసుపు నూలు చీర, సన్నటి ఎర్ర అంచుది, నేను మడత కూడా విప్పనిది తీశాను. గది తలుపు వేసుకుని నేనే కట్టాను. కుచ్చిళ్ళు పోస్తుంటే ఆమె చేతులు రెండూ గాల్లో పెట్టుకుని నిలబడింది, కొత్త గౌను తొడిగించుకునే చిన్నపిల్లలాగా. అంచు ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కుంది. అద్దం చూస్తావా అత్తా అంటే వద్దంది. గడప దగ్గరికొచ్చి ఆగిపోయి, "నగుతారేమో మ్మే" అంది. హాల్లో మా ఆయన పేపరు దించి తల్లిని చూశాడు. చూసి, చటుక్కున పేపరు మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి ఏ సామెతా రాలేదు ఆయనకు.

కోడలు తలుపు తీసింది. పాప వాళ్ళమ్మ కుర్తా వెనక నుంచి తొంగి చూసింది. పారిపోలేదు. మెల్లగా బయటికొచ్చి, జేజి చుట్టూ ఒకసారి తిరిగి, కొంగు చివర పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కొత్త నూలు వాసన తప్ప దానికి కావాల్సిన నీలిమందు వాసన లేదు. అయినా సర్దుకున్నట్టుంది, కొంగు వదల్లేదు. పైకి చూసి, కోపంగా, "ఇన్ని దినాలు యాడికి పోయినావు జేజీ?" అంది. ఆ యాస ఆ జేజి దగ్గర నేర్చిందే. మా అత్త వంగి దాని తల నిమిరింది. "యాడికీ పోలేదు బంగారూ. ఈడనే ఉండా" అంది.

మొన్న వంకాయలు తీసుకుని పైకొచ్చేసరికి అత్త బాల్కనీలో కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది. ఇప్పుడామెకు చీరలు ఎక్కువయ్యాయి. ఆ పూట చిలకాకుపచ్చ. తెల్లవి పెట్టెలోనే ఉన్నాయి, ఎవరికీ ఇవ్వదు, కట్టుకోదు. దయ్యాల కాయ మళ్ళీ వచ్చిందత్తా అంటే, "తెచ్చింటే పులుసన్నా పెట్టుకునేటోళ్ళం గదమ్మే" అంది. ఆ పండగ మంచి చేసిందని నా నోటితో నేననను. కంపు కంపే. యాడికి పోయినావని పాప ఆ రోజు అడిగింది నాలుగైదు దినాల సంగతే, అంతకుమించి దానికి తెలియదు. "ఈడనే ఉండా" అని మా అత్త చెప్పిన జవాబు మాత్రం, నేను కాపురానికొచ్చిన నాడు గోడ చాటున నిలబడి నన్ను చూసినప్పటి నుంచీ, ఒక్కరైనా అడుగుతారేమోనని దాచిపెట్టుకున్నదని నాకిప్పటికీ అనిపిస్తుంది.